ఐదు పాయింట్ రెండు

ఆ అంకె రాసింది నేనే.
మజురో ఆస్పత్రి ల్యాబులో, ఏసీ చెడిన ఓ మంగళవారం.
నేమాట, యాభై ఎనిమిదేళ్లు, ఆర్నో దీవి.
మూడు నెలల చక్కెర సగటు: ఐదు పాయింట్ రెండు.
పక్కన చిన్న టిక్కు కూడా పెట్టాను,
లెక్క సరిగా చేసిన పిల్లకి పెట్టినట్టు.

ఆమె పడవ దిగి నేరుగా వచ్చింది, చెప్పుల్లో ఇంకా ఇసుక.
"చూశావా, అన్నం తగ్గించాను" అంది.
సోడా తగ్గించలేదని ఇద్దరికీ తెలుసు.
అయినా నవ్వుకున్నాం.

ఎర్రకణం ఒక గుమాస్తా.
నూట ఇరవై రోజులు బతుకుతుంది,
ఈదినంత తీపినీ ఒంటి మీదే రాసుకుంటూ.
మేం చేసేదల్లా ఆ గుమాస్తాల్ని పట్టుకుని
చొక్కాల మీది మరకలు చదవడం.

ఆమెకి అప్పుడు కుష్ఠుకి మందు నడుస్తోంది.
నెలకోసారి నర్సు ఎదుట మింగే ఎర్ర గుళికలు,
ఒంటిని మాడిన రాగి రంగుకి తిప్పేది ఒకటి,
రోజూ ఒక తెల్ల బిళ్ల.
మచ్చలు చల్లారాయి. తెల్ల బిళ్ల తన పని తాను చేసింది,
దాని మీద నాకు కోపం లేదు.
కాకపోతే దారిలో ఎదురైన గుమాస్తాల్ని
యాభయ్యో రోజునో, అరవయ్యో రోజునో
చేతిలో కలం ఉండగానే కూల్చేసింది.
మిగిలినవాళ్లంతా పసివాళ్లు.
పసివాళ్ల చొక్కాలు శుభ్రంగా ఉంటాయి.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు.
ఇక్కడ ఊడలేదు.
ఉన్న నాలుకే, అదే గొంతుతో,
అబద్ధం చెప్పింది.

ఆ రోజే వేలి చుక్క రెండొందల ఎనభై చూపించింది.
స్ట్రిప్పు తేమ పట్టిందనుకున్నాం.
ఇక్కడ అన్నీ తేమ పడతాయి: బియ్యం, బైబిలు, అగ్గిపెట్టె.
హిమోగ్లోబిన్ తొమ్మిదికి దిగింది.
"ఐరన్ మాత్రలు" అన్నాడు డాక్టర్ హెర్కినోస్, తలెత్తకుండా.
మూడు కాగితాలూ ఒకే ఫైల్లో
ఒకదానికొకటి వీపు తిప్పుకుని పడుకున్నాయి.
పిన్ను కొట్టింది కూడా నేనే.

మా తాత పడవ అడుగున వెల్లకిలా పడుకుని
అలల్ని వీపుతో చదివేవాడు.
తూర్పు అల తిన్నగా వస్తూ వస్తూ
ఎక్కడో మరో అలతో తగువుపడితే
"అదిగో నేల" అనేవాడు, కళ్లు తెరవకుండానే.
రెండు అంకెలు నా ముందు తగువుపడ్డాయి.
నేను నచ్చినదాన్ని నమ్మాను.

తొమ్మిది నెలలకి ఆమె ఎడమ కంట్లో సాలీడు దిగింది.
అలాగే చెప్పింది: "నల్లది. నేను తల తిప్పితే అదీ తిప్పుతుంది."
కంటి డాక్టరు విమానంలో వచ్చేసరికి
కుడి కంట్లోనూ ఒకటి.

కణాల్ని కాక, వాటిని మోసే ద్రవాన్ని అడిగే పరీక్ష ఒకటుంది.
ఐసు డబ్బాలో హొనొలులు పంపాం.
జవాబు ఒక్క వాక్యం. చదివి
చాలాసేపు సెంట్రిఫ్యూజు తుడుస్తూ కూర్చున్నాను,
అది మురికిగా లేకపోయినా.

ఆర్నో వెళ్లి గుమాస్తాల కథంతా చెప్పాను.
"అయితే ఆ బిళ్ల ఆపాలా?"
"అట్టలైపోయాయి పిన్నీ. ఆ జబ్బు పోయింది."
"మంచిది" అంది.
మొగలి ఆకు చీలుస్తూనే ఉంది.
కాసేపటికి, "మరి టిక్కెందుకు పెట్టావు?"

నా దగ్గర ఇప్పటికీ లేదు దానికి జవాబు.

వేళ్లకి స్పర్శ ఎప్పుడో పోయింది, ఇప్పుడు చూపు.
ప్రతి చీలికనీ కింది పెదవి మీదుగా లాగి
వెడల్పు చూసుకుంటుంది,
ఆ తర్వాతే అల్లికలోకి దూరుస్తుంది.
వరసలు తిన్నగానే వస్తున్నాయి.
పెదవి మీద మాత్రం
దగ్గరికెళ్తే కనిపించే సన్నటి కోతలు,
లెక్కపెట్టబోయి
ఆగిపోయాను.