పలకని మెట్టు

శనివారం సాయంత్రం నా పని
గోడమీది నల్లచెక్కకు
రేపటి పాటల నంబర్లు తగిలించడం.
తొమ్మిది ఒకటి ఎప్పుడో పోయింది,
ఆరును తలకిందులు చేస్తాను.

హీయుమా దీవిలో ఫిబ్రవరి.
గడ్డకట్టిన సముద్రం మీద కారు నడుపుకుంటూ
పాస్టరుగారు వస్తారు.
ప్రసంగం దేనిమీదో ఆయనకే పొద్దున్న తెలుస్తుంది.
నేను వాక్యాన్ని బట్టి కాదు,
గొంతులను బట్టి పాట ఎంచుతాను.
సాల్మెకు పైస్థాయి అందదు,
అందకపోయినా ఊరుకోదు.
ఎండెల్ మంద్రంలోనే పుట్టాడు, అక్కడే ఉంటాడు.
చలిలో నడిచొచ్చిన వాళ్లకు
మొదటి పాట కిందనే మొదలవ్వాలి,
తడికట్టెల పొయ్యి రాజుకున్నట్టు.

నిరుడు మే నెలలో
తౌనో సమాధి దగ్గరికి
అతని భార్య క్రిస్మస్ పాట అడిగింది.
వాయించాను.
ఎవరూ ఏమీ అనలేదు.

ఇక ఆర్గన్ సంగతి.
పదకొండేళ్లుగా నడిమి ఫా పలకదు.
నొక్కితే గాలి, అంతే,
పేరు మరిచిపోయిన ముసలాయన నోరు తెరిచినట్టు.
అందుకే నేను కట్టిన ప్రతి "ప్రభువా కరుణించు"లో
మి నుంచి సోల్ మీదికి ఒక్క గెంతు,
చీకట్లో కూడా
విరిగిన మెట్టు కాలికి గుర్తున్నట్టు.
తాలిన్ నుంచి వచ్చిన పండితుడొకరు
అది నా శైలి అన్నారు,
"దీవికి తగిన నిరాడంబరత" అని పుస్తకంలో రాసుకున్నారు.
నేను కాదనలేదు.

పోయిన వారం మరమ్మతు మనిషి
గొట్టంలోంచి ఎలుక గూడు తీశాడు.
గూడంతా పాటల పుస్తకం ముక్కలే,
ఒకదాని మీద సగం "ఆమెన్".
ఫా పలికింది.
అతను పనిముట్లు సర్దుకుని వెళ్లిపోయాక కూడా
ఆ ఒక్క మెట్టే నొక్కుతూ కూర్చున్నాను,
వేళ్లు చల్లబడిపోయేదాకా.

ఆదివారం, కరుణించమనే చోట,
ఫా కలిపి వాయించాను.
ఆర్గన్ మెట్టు మీద అడుగు వేసింది.
జనం వెయ్యలేదు.
పదిహేడు గొంతులు
ఎప్పటిలాగే దాని మీంచి దూకాయి.
ఫా ఒక్కతే మిగిలింది
తలుపు తీసేవాళ్లు లేని గుమ్మం ముందు.
సాల్మె వెనక్కి తిరిగి చూసింది,
తప్పు వాయించావన్నట్టు.

ఇంటికొచ్చి
ఆ పాటలోంచి ఫాను రబ్బరుతో చెరిపేశాను.
అది వాళ్ల పాట, నాది కాదిక.

ఈస్టరుకు కొత్త హల్లెలూయా కడుతున్నాను.
మొదటి స్వరమే ఫా.
దాటిపోవడానికి దాని ముందు ఇంకేమీ లేదు.
సాల్మెకు ముందుగా చెప్పాలి.
ఒప్పుకుంటుందో లేదో.