ఎర్ర తల, నల్ల తల

విన్నిపసాకీ సరస్సులో మంచు కరిగాక
ఒకరోజు పోలీసు పడవ వచ్చి నీళ్ళలో గడలు నాటిపోతుంది.
అన్నీ తెల్లటివే.
కొన్నిటికి ఎర్ర తల, కొన్నిటికి నల్ల తల.

నాకు పడవ అమ్మిన లూసియెన్ గాన్యన్
మెరెడిత్ రేవులో తాళంచెవి ఇచ్చేముందు పరీక్ష పెట్టాడు.
"ఎర్ర తల కనబడితే?"
ఆగుతాను, అన్నాను.
"ఆగితే గాలి నిన్ను రాతి మీదికి తోసుకుపోతుంది.
దానికి దక్షిణంగా పో, కాదంటే పడమరగా.
నల్ల తలైతే ఉత్తరం, లేదా తూర్పు.
కుడీ ఎడమా అనకు. అవి నీవి.
నువ్వు తిరిగితే అవీ తిరుగుతాయి.
దిక్కులు సరస్సువి."

మాది కదిరి.
మా వీధిలో నీళ్ళకి లోతుండేది కాదు, వరస ఉండేది.
ట్యాంకరు ఎటునుంచి వస్తుందో
అదొక్కటే బిందెలకు తెలిసిన దిక్కు.
నలభై ఆరో ఏట ఈత నేర్చుకున్నాను
లకోనియాలో, బడి కొలనులో,
ముక్కు మూసుకుని మునిగే రెండో తరగతి పిల్లల మధ్య.

ఎరుపూ తెలుపూ నిలువు చారలున్న గడ ఇంకొకటుంది.
దానికీ దగ్గరి ఒడ్డుకీ మధ్యన దూరకూడదు.
తెలుసు.
తెలిసే దూరాను, మొదటి జులైలో.
లూసియెన్ చెల్లెలి పుట్టినరోజుకి
డబ్బాలో ఐస్‌క్రీం కరిగిపోతోందని.
నీళ్ళు ఇస్త్రీ చేసినట్టున్నాయి. ఎండ. అడ్డదారి.
రాయి అరవలేదు. పడవ అరిచింది.
ప్రొపెల్లర్ రెక్క ఒకటి
కుక్కపిల్ల చెవిలా మడతపడింది.
తెడ్లు వేసుకుంటూ చేరేసరికి
ఐస్‌క్రీం పాయసమైంది. గ్లాసుల్లో పోసుకు తాగారు.
"ఇక ఆ రాయికి నువ్వు తెలుసు," అన్నాడు లూసియెన్
మూతి తుడుచుకుంటూ.

సెప్టెంబరులో ఒక సాయంత్రం
ఇంజను రెండుసార్లు దగ్గి ఊరుకుంది.
నైరుతి గాలి.
పడవ ముక్కు తనంతట తాను ఈశాన్యానికి తిరిగింది.
ఇళ్ళు కట్టేవాళ్ళు ఈశాన్యం మంచిదంటారు.
ఇక్కడ ఈశాన్యంలో, మోకాలి లోతున,
గది అంత బండ.
మధ్యలో ఒక ఎర్ర తల.
పక్కనుంచి పోతుంటే ఒంగి
రెండు చేతులా పట్టుకున్నాను.

ఒళ్ళంతా నాచు.
కింద గొలుసు లాగుతుంటే సన్నగా వణుకు.
క్లినిక్‌లో పన్ను పీకే ముందు
మనుషులు రోజూ నా చెయ్యి ఇలాగే పట్టుకుంటారు.
వాళ్ళకి నా చెయ్యి ఎలా ఉంటుందో
ఎప్పుడూ ఆలోచించలేదు.
చీకటి పడుతోంది. ఫోను తడిసింది.
ఆ పూటకి నాకు అదే దిక్కు.

లైటు తిప్పుకుంటూ పోలీసు పడవ వచ్చింది.
టార్‌బాక్స్ అని చొక్కా మీద పేరున్న చిన్నపిల్ల,
మహా అయితే ఇరవై మూడు.
"మేడమ్, గుర్తుకి పడవ కట్టడం నేరం."
కట్టలేదమ్మా, పట్టుకున్నాను.
నా చేతులకేసి చూసింది. గొలుసుకేసి చూసింది.
చట్టంలో ఆ మాట ఉందో లేదో కాసేపు వెతుక్కుంది.
"అయితే ఇంకో నిమిషం వదలకండి,"
అని తాడు విసిరింది.

ఇప్పుడు ఇంట్లో గరిటె ఎక్కడని అడిగినా
పొయ్యికి తూర్పున, అంటాను.
పిల్లలు నవ్వుతారు.

చలికాలం ముందు గడలన్నీ పీక్కుపోయారు.
రాళ్ళని ఎవరూ పీకరు.
జనవరికి సరస్సు మూతపడింది.
మంచు మీద ఎవరో ట్రక్కు నిలిపి, చిన్న గుడిసె దింపి,
కన్నం తవ్వి గాలం వేశాడు.
ఒడ్డున పైన్ చెట్టుని బట్టి, చర్చి శిఖరాన్ని బట్టి
లెక్క కట్టి చూశాను.
సరిగ్గా నా రాతి మీదే కూచున్నాడు.
చెబుదామని నాలుగడుగులు వేసి
ఆగిపోయాను.
థర్మాస్ మూత తీసి, చెయ్యి ఊపాడు.
నేనూ ఊపాను.