మధునయ్య గడ్డపార

సిరొంచ నుంచి వడధం పోయే తొవ్వల
చెట్లు రాళ్ళై పండుకున్న జాగ ఒకటున్నది.
అక్కడ తోకల మధునయ్య
సర్వే సార్ల వెంట మూడు ఎండకాలాలు గంప మోసిండు.
కూలి ఎంతిచ్చిన్రో మరిచిండు గాని
వాళ్ళ నోట్లకెల్లి రాలిన మాటలను
బీడీకట్ట కాయితం మీద రాసి దాచిండు.

ఫాసిల్ అంటే తవ్వి తీసింది.
పెట్రా అంటే రాయి.
సారోస్ అంటే బల్లి, డైనో అంటే భయం పుట్టించేది.
"మనోళ్ళు రాక్షసబల్లి అన్నరు, సరిగనే అన్నరు"
అని తొడ కొట్టుకొని నవ్వేటోడు.

బడిల మాకు మరాఠీ.
ఇంట్ల తెలుగు.
నా పక్కన కూసునే మడావి సోమ్రి
నిద్రల మాడియా మాట్లాడేది.
ఇంగ్లీషు ఏ ఒడ్డుదో మాకెవ్వరికీ తెల్వదు.

పొద్దుగూకినంక మధునయ్య అరుగు మీద
చార్జింగు లైటు సుట్టూ ఉసిళ్ళు, మేము.
ఒక్కో మాటను పల్లికాయ లెక్క ఒలిచేటోడు.
ట్రాన్స్ అంటే ఆవలికి.
పోర్ట్ అంటే మొయ్యుడు.
"మీ నాయిన పడవ మీద మిర్చి బస్తాలు
ప్రాణహిత దాటిస్తడు గద, అదే ట్రాన్స్‌పోర్టు."
ఇంటికొచ్చి చెప్తే మా నాయిన
"గంత పేరున్న పని చేస్తున్ననా నేను" అని
ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తిన్నడు.
వంతెన పడ్డ ఏడాది పడవ బోర్లేసినం.
మాట మాత్రం లారీల మీదికెక్కింది.

సోమ్రి అడిగింది: "లాటిన్ అంటే ఎక్కడి ఊరు?"
"ఊరు గాదు బిడ్డా, భాష.
ఇప్పుడు ఎవ్వరి ఇంట్లనూ మాట్లాడరంట."
"మరి ఆ ఇండ్లోళ్ళు ఏమైన్రు?"
మధునయ్య శానాసేపు పలకలే.
రాయైన చెట్టుముక్క ఒకటి ఆమె చేతుల పెట్టిండు.
బరువున్నది. ఏండ్ల గీతలు ఇంకా లెక్కపెట్టొచ్చు.
సోమ్రి దాన్ని ముక్కుకు పెట్టుకొని
"టేకు వాసన వస్తలేదు" అన్నది.

ఒకనాడు బోన్ అనే మాట అడ్డం పడ్డది.
ఎముక.
గడ్డపార ఏడ దించినా ఖంగుమన్నది.
అటు చీల్చిండు, ఇటు చీల్చిండు,
మంచిర్యాలల కొన్న పాత డిక్షనరీని
అట్టలూడేదాక తిప్పిండు.
లాటిన్ లేదు, గ్రీకు లేదు.
వాటర్‌కు లేదు. మదర్‌కు లేదు. హంగర్‌కు లేదు.
"ఇవి కచేరి మాటలు గావు" అన్నడు ఆఖరికి.
"వాళ్ళ అవ్వలు పొయ్యికాడ మాట్లాడుకున్నయి.
వీటిని ఎవ్వరూ బయటికెల్లి తేలే."
అన్నడు గాని, మనసొప్పలేదు ఆయనకు.

ఇప్పుడు నేను తాలూకా దవాఖానల నర్సును.
అనీమియా అని రాసిన చీటీ చూసినప్పుడల్లా
నా వేలు దానంతట అదే అన్ కాడ ఆగుతది.
అన్ అంటే లేదు.
రేషన్ దుకాణం ముందు అనర్హులని
పక్కకు నిలబెట్టిన అన్ను, అదే అన్ను.
హైమా అంటే నెత్తురు.
అడివి దిక్కు నుంచి నడిచొచ్చిన బాలింత
కనురెప్ప కిందికి లాగితే తెల్లగ, సున్నమోలె.
మాటను చీల్చుడు వస్తది నాకు.
ఒంట్లె నెత్తురు తక్కువున్నదని
ఆమె భాషల చెప్పుడు రాదు.
అంగన్‌వాడిల ఉన్న సోమ్రికి ఫోను కలుపుత.
స్పీకర్లకెల్లి రెండు ముక్కలు వినపడంగనే
బాలింత మొదటిసారి తలెత్తి
నా దిక్కు చూస్తది.

మొన్న మధునయ్య వచ్చిండు, మోకాలు వాచి.
డాక్టరు గీకిన ఆర్థ్రైటిస్‌ను
చిటికెనవేలి గోరుతోని మధ్యల విరిచిండు.
"ఆర్థ్రో, కీలు. ఐటిస్, మంట.
కీలుమంటకు గింత షోకు పేరా!"
గోళీలు సంచిల ఏసుకొని, గడపకాడ ఆగి,
మళ్ళా అదే:
"బోన్ సంగతి ఏమన్న తెలిసిందా బిడ్డా?"
ఎక్స్‌రే ఫిల్ము ఎండకు పట్టి
అటు తిప్పి ఇటు తిప్పి చూస్తుండు,
ఆ తెల్లటి దాంట్ల ఏడనో రాసుంటదన్నట్టు.