ఎడమ భుజం

నా జాకెట్లన్నీ ఎడమ భుజం దగ్గరే చివికిపోతాయి.
కుడివైపు గుడ్డ ఇంకా కొత్త వాసన వేస్తుంటుంది.
కొంగారెడ్డిపల్లె ఆడవాళ్ళందరి భుజాలూ కొలిచేదాన్ని,
నాదానికి అతుకు వేసుకునే తీరిక లేదు.

పధ్నాలుగు నెలలుగా అక్కడ
మా లోహిత్ తాగిన పాలు తిరిగొస్తున్నాయి.
ఒకసారి విరిగి, ఒకసారి నీళ్ళై,
ఒక్కోసారి ఏమీ బయటికి రాక
గుటకేసి మొహం చిట్లించుకుంటాడే,
అదే నాకు ఎక్కువ భయం.

"కక్కే బిడ్డ దక్కే బిడ్డమ్మే" అంటుంది మా అత్త కుప్పమ్మ,
ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేస్తా.
ఘాటు రాకపోతే దిష్టి.
వస్తే, ఆ ఘాటుకి వాడు దగ్గి,
ఆ దగ్గుకి మళ్ళీ కక్కి,
నేను మళ్ళీ తుడిచి.

మంచం తలవైపు కోళ్ళ కింద రెండేసి ఇటుకలు.
మొగిలి ఘాటులో ఆగిపోయిన లారీలో మాదిరి
రాత్రంతా ముగ్గురం కాళ్ళ వైపుకి జారతానే నిద్రపోతాం.
మూడింటికి మునిశేఖర్ లేచి పాల వ్యాను తీస్తాడు.
నలభై క్యాన్లు ఊరికి దించొచ్చి
చెప్పులు విడవకముందే అడుగుతాడు:
"ఒక గ్లాసన్నా నిలబడిందా?"

ఇదంతా అలవాటైంది.

ఆడికృత్తిక మర్నాడు మొదలైంది కొత్తది.
రెండు చెంచాల గంజి పెట్టి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను.
వీపు విల్లులా బిగించి
మెడ పక్కకి మెలితిప్పాడు,
వెనకనుంచి ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు.
నేనూ తిరిగి చూశాను.
తలుపు. తలుపు మీద కుట్టాల్సిన పావడా.
ఇరవై లెక్కపెట్టేలోగా
మళ్ళీ నా వాడై నవ్వాడు.

మూర్ఛ అన్నారు ఎదురింటివాళ్ళు.
పళ్ళొస్తున్నాయన్నాడు మందులషాపు అబ్బాయి.
చేష్టలమ్మా, మరిచిపోతాడు అన్నారు గ్రీమ్స్‌పేట డాక్టరు.
తిరుపతిలో తలకి వైర్లంటించి గీతలు తీశారు.
గీతలు బాగున్నాయన్నారు.
బాగుంటే మరి మెడెందుకు తిరుగుతుంది అంటే
వెనకాల క్యూ పెద్దదిగా ఉంది.

అందుకే వేలూరు బస్సెక్కాం.
కొలతల నోటుబుక్కు ఇచ్చాను ఆ డాక్టరమ్మకి.
ఆమె ముందు తప్పు పేజీ చదివింది:
"భుజం పద్నాలుగు, చంక పదహారు, మెడ లోతుగా..."
చదివి నా మొహం చూసింది.
పేజీ తిప్పాను.
రాత్రి రెండూ పది, ఒక గుక్క.
మూడూ ఐదు, గుటక.
ఆరూ నలభై, గంజి, మెడ ఎడమకి, ఇరవై.
ఏడూ పావు, గంజి, మెడ, ముప్పై ఒకటి.
నిద్రలో, లేదు. ఎప్పుడూ లేదు.

ఆమె ముందర వాడు మెడ తిప్పలేదు.
స్టెతస్కోపు నోట్లో పెట్టుకుని నవ్వుతూ కూర్చున్నాడు,
నేనే కట్టుకథలు చెప్పే ఆడదాన్నయినట్టు.
ఫోన్లో వీడియో చూపించాను.
రెండుసార్లు చూసింది. మూడోసారి ఆపి ఆపి చూసింది.
"తిన్నాకే కదా? కడుపు మంటకి కూడా
ఇట్లా చేసే పిల్లలున్నారు. ఇదీ అదేనేమో.
ఇప్పుడే చెప్పలేను. చూద్దాం" అంది.
కాగితం మీద ఏదో రాసి
పక్కన ప్రశ్న గుర్తు పెట్టింది.

డాక్టర్లు అది కూడా పెడతారని నాకు తెలీదు.
బస్సులో దాన్నే చూస్తా కూర్చున్నాను.
అదీ మెడ వంచుకునే ఉంది,
కింద ఒక చుక్క పాలు జారవిడిచి.

చిత్తూరు ఇంకా అరగంట ఉందనగా
ఎడమ భుజం మీద వెచ్చగా తడి దిగింది.
నాలుగూ యాభై.
శుక్రవారానికి ఇవ్వాల్సిన పట్టు జాకెట్టు కొలతల కింద
కుదుపుల్లో వంకరగా రాసుకున్నాను.
రాసి మూస్తుంటే
నా వీపు మీద ఏదో తగిలింది.
వాడి చెయ్యి.
ఆగి ఆగి, మెల్లగా, అరచేత్తో,
నేను వాడికి తట్టేటట్టే తడుతున్నాడు,
నాకూ లోపలినుంచి ఏదో పైకి రావాలన్నట్టు.