బీడింగు కింది ఎరుపు

మట్టెవాడ సందుల, పాలకేంద్రం పక్కన
ఎనిమిదడుగుల వెడల్పు దుకాణం.
బోర్డు నేనే రాసిన, ఇరవై రెండేండ్ల కింద:
'శ్రీ వీరభద్ర ఫోటో ఫ్రేమ్ వర్క్స్.'
చివరి అక్షరానికి జాగ చాలలె,
ఇప్పటికీ అటు చూడకుండనే లోపలికి పోత.

ఎడమ గోడ దేవుళ్లది.
కుడి గోడ పోయినోళ్లది,
పుట్టిన తేదీ, పోయిన తేదీ, నడుమ చిన్న గీత.
ఎదురు గోడ మాత్రం మనది అంటడు కట్టయ్య.
మనది అంటే
కొత్తవాడల జంపఖానాలు నేసే ఈగ సాంబలక్ష్మి
గళ్ల కాయితం మీద వేసుకున్న నమూనాలు;
కాజీపేట లోకోషెడ్డుల రిటైరైన ప్రకాశం సారు
బొగ్గుతోటి గీసిన ఇంజన్లు, ఒక్కదానికీ పొగ లేదు;
ఏడో తరగతి నౌషీన్
ఆకాశాన్ని కిందికి దించి
భద్రకాళి చెరువును పైకెక్కించిన బొమ్మ;
ఇంక నాది.

నాది ఎనుమాముల మార్కెట్.
ఫిబ్రవరి పొద్దు, యార్డు నిండ మిర్చి,
బస్తాల నడుమ ముక్కుకు కొంగు కట్టుకున్న ఒక ఆడమనిషి.
ఫ్లెక్సీలు వచ్చినంక నా కుంచెలు ఎండిపోయినయి.
'ఇచ్చట వాహనములు నిలుపరాదు' సుత ఇప్పుడు ప్రింటే.
రాత్రిళ్లు ఏటీఎం కాడ కుర్చీల కూసుంట.
ఆ బొమ్మ బిడ్డ పోస్టరు రంగులతోటి వేసింది.

కట్టయ్య పైసలు అడుగలె.
టేకు బీడింగు నలభై అయిదు డిగ్రీలల్ల కోసి,
మూల కాడ వెంట్రుకంత సందు మిగిలితే
రంపపు పొట్టును ఫెవికాల్‌ల కలిపి నింపి
గోటితోటి రుద్దిండు.
'ఫ్రేమే కనవడుతున్నదంటే బొమ్మ ఓడినట్టు' అన్నడు.

మూడేండ్లు వేలాడింది.
రెండు వేలని చీటి. తర్వాత పన్నెండు వందలు.
తర్వాత చీటి ఊడింది, మళ్ల ఎవ్వరం అంటించలె.

మొన్న ఒకాయన వచ్చిండు, చేతిల కొడుకు పెండ్లి ఫోటో.
నా బొమ్మ ముందట ఆగిండు.
తల వంచి, దగ్గరికొచ్చి, వేలుతోటి తాకిండు.
నేను బల్ల కాడ ఛాయ గ్లాసు పట్టుకొని
ఊపిరి బిగబట్టిన.
'ఈ కట్టె బాగుంది. ఎంత?'

కట్టయ్య నా దిక్కు చూసిండు.
నేను ఛాయ మీది మీగడ దిక్కు చూసిన.
'ఇచ్చెయ్' అన్న.

మేకులు పీకుతుంటే హార్డుబోర్డు ఒకసారి మూలిగింది.
అద్దం తీసి, బొమ్మను బల్ల మీద పరిచిండు.
అప్పుడు చూసినం.
నడుమంత ఇటుకపొడి.
పడమటెండ, ట్యూబ్‌లైటు కలిసి
గుక్కగుక్కగ తాగేసిన మిర్చి.
చుట్టూత మాత్రం, బీడింగు కప్పినంత మేర,
చిటికెనవేలు వెడల్పు అంచు:
నేను కలిపిన నాటి ఎరుపు.
అంత ఎర్రగ వేసిన్నని
నాకే యాది లేదు.

పెండ్లి ఫోటో టేకులకు పోయింది.
నా బొమ్మ రెండు క్లిప్పులకు వేలాడుతున్నది,
స్నానం నడుమ తలుపు తీసినట్టు.
కట్టయ్య కొత్తది కడుతనంటే వద్దన్న.

నిన్న పొద్దుగూకాల మేకల ఉపేంద్రమ్మ వచ్చింది,
తొడిమెలు తీసే పని కాడికెల్లి సక్కగ.
ఆధార్ కార్డుల పెనిమిటి ఫోటోను
పెద్దగ చేయించి తెచ్చింది.
'కండ్లు సరిగ కనవడుతలేవమ్మా' అన్నడు కట్టయ్య.
'ఉన్నన్నాళ్లు సుత నన్ను సూడలె, కట్టు తియ్.'

చీటి రాస్తుంటే ఆమె ఎదురు గోడ కాడ ఆగింది.
'ఇది మా యార్డే గద.'
నేనేమనలె.
బొమ్మ నడుమ వేలు పెట్టింది: 'ఇది తాలు.'
వేలు మెల్లగ జరుపుకుంట జరుపుకుంట
అంచు కాడ ఆపింది.
'గిది. గిది తేజ.'

ఎర్రబారిన ఆమె గోరు ఎక్కడ అయిపోయిందో
నా రంగు ఎక్కడ మొదలైందో తెలువలె.
కొంగు దులుపుకొని ముడి సరిచేసుకున్నది.
కట్టయ్య తుమ్మిండు. నేను తుమ్మిన.
'అడ్వాన్సు యాభై' అన్నడు
కండ్లు తుడుచుకుంట.