ఇరవై ఎనిమిది రోజులు

సంతకం పెట్టేది నేనే.
కావలి దాటాక హైవే పక్కన, ఈ రేకుల షెడ్డులో,
నీలం సిరాతో, కొట్టివేతలు లేకుండా,
రెండు భాషలున్న కాగితం మీద.
ఒక భాష నాకొచ్చు.
రెండోది కుడి నుంచి ఎడమకు నడుస్తుంది.
దాని కిందా నా పేరే.

సముద్రం అవతలి దేశం అడుగుతుంది:
కోసేముందు ఇరవై నాలుగ్గంటల్లోపు చూశారా?
గాలికుంటు లేదు కదా, పారుడు రోగం లేదు కదా?
ఏ ఊరి మంద? చెవిపోగు నంబరెంత?
ఎముక పక్కన మాంసం ఎంత చల్లబడింది?
ఖిబ్లా వైపు తిప్పి బిస్మిల్లా అన్నదెవరు?
ఆ గడి దగ్గర మా మస్తాన్ వలీ
సబ్బుతో మోచేతుల దాకా కడుక్కొచ్చి
పరీక్ష రాసే పిల్లాడిలా కూర్చుంటాడు.
పదకొండో గడి: మందుల అవశేషాలు.

ఆ బుధవారం వింజమూరు వైపు నుంచి మినీలారీ.
నలభై జోడిపి పొట్టేళ్ళు,
తెల్లటి ఒళ్ళు, కళ్ళచుట్టూ కాటుక,
ఎవరి పెళ్ళికో బయల్దేరినట్టు.
వాటి మధ్యలోంచి పెంచలయ్య దిగాడు,
గొంగడి నిండా పెంటికల వాసన.
బేరగాడు మాలకొండయ్య అడ్వాన్సు ఎండాకాలమే ఇచ్చేశాడు.
ఆ డబ్బు బోరు గుంతలోకి దిగి
నాలుగొందల అడుగుల దగ్గర రాయి తగిలి ఆగిపోయింది.

థర్మామీటరు. నూట రెండు. నూట రెండున్నర.
అలవాటుగా అడిగాను,
"ఈమధ్య సూదిమందు ఏమన్నా?"
అడగడం నా పని. లేదనడం వాళ్ళ పని.
ఇన్నేళ్ళూ కంటైనర్లు అట్టాగే కదిలాయి.

"ఒకదానికి ఏసినా మేడమ్," అన్నాడు పెంచలయ్య.
"అదిగో, కొమ్ము ఇరిగినదానికి. కాలు వాచింది.
శుక్రారం రేత్రి."
మాలకొండయ్య చెప్పుకాలు
అతని బొటనవేలి మీద పడటం చూశాను.

ముప్పైతొమ్మిది అని రాశాను.
నలభయ్యోది ఇరవై ఎనిమిది రోజులు నిలుపుదల.
మందు ఒంట్లోంచి పూర్తిగా దిగిపోవాలి,
ఎవరి పళ్ళెంలోనూ దాని జాడ తేలకూడదు.
మిగతావి రాంపు ఎక్కుతుంటే
అది నిలబడి పెంచలయ్య లుంగీ కొస నమిలింది.

ఇరవై తొమ్మిదో రోజు పొట్టేలుతో వచ్చాడు.
ఆటోలో, అడ్డంగా ఒళ్ళో పడుకోబెట్టుకుని.
"మళ్ళా వాచింది మేడమ్. మొన్న ఇంకో సూది ఏయించినా."

వంగి కాలు పట్టుకున్నాను.
వాపు లేదు. వేడి లేదు.
పసుపు మాత్రం దండిగా పట్టించాడు,
అదీ వేరే కాలికి.

"ఏం మందు?"
ఆ జవాబు తెచ్చుకోలేదు పాపం.
షెడ్డు రేకులు లెక్కబెట్టి, లెక్కబెట్టి,
"తెల్లంగా ఉంటాది," అన్నాడు.
ఆ సీసాలోది పచ్చగా ఉంటుంది,
కాచిన నెయ్యి రంగు.

బయట మాలకొండయ్య ఫోన్లో అరుస్తున్నాడు,
ఓడ రేవులో ఎవరో ముద్ర సరిగ్గా పడలేదన్నారట,
ముద్రకీ మాంసానికీ ఏంది సంబంధం అంటున్నాడు.
మస్తాన్ వలీ తలుపు దగ్గర చేతులు తుడుచుకుంటూ
"దీనికి పేరుందా అన్నా?" అన్నాడు.
"గొర్రెకి పేరేంది సాయిబూ," అన్నాడు పెంచలయ్య,
కొంచెం గట్టిగానే.

పెన్ను ఒకసారి రాయలేదు. విదిలించి రాశాను,
పసుపుపచ్చ మందు పేరు, మొన్నటి తేదీ,
ఇరవై ఎనిమిది.

కాగితం మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు.
గేటు దగ్గర, ఎవరూ వినరనుకుని,
"దా అబయా" అన్నాడు.
అది నాలుక్కాళ్ళ మీదా ఒక్క గెంతు గెంతి
ఆటోలో పడింది.
అప్పుడు నేను
తర్వాతి లారీ కాగితాల మీద వంగి ఉన్నాను.