ఇతరములు

వాల్పరాయిసో కొండమెట్ల మలుపులో
నాదొక పాటల కొట్టు.
తలుపు తీస్తే రేవు వాసన, మూస్తే పాత చెక్క వాసన.
మా నాన్న అరలకు అట్టముక్కలు కట్టి పోయాడు:
బొలేరో, టాంగో, క్వేకా, రాక్.
అన్నిటికీ కింద
మోకాళ్ల మీద కూచుంటే తప్ప చేయి అందని అరకి
ఇతరములు.

తొంభై మూడు, చలికాలం. నలుగురు పిల్లలొచ్చి
పది కేసెట్లు బల్ల మీద పెట్టారు.
జిరాక్స్ అట్ట, కత్తెర వంకర.
బ్యాండు పేరు తడిసిన అగ్గిపుల్లలు.
"ఇదేం సంగీతం?" అన్నాను
అర కోసమే గాని వెటకారానికి కాదు.
బేస్ వాయిస్తూ పాడే హిమేనా ముక్కు చీదుకుని
"విని మీరే చెప్పండి, మాకూ తెలుస్తుంది" అంది.

విన్నాను.
క్వేకా కాలిదరువు మీద తేయో గిటారు
గచ్చు మీద ఇనప మంచం ఈడ్చినట్టు.
అడుగున జమైకా నుంచి దారి తప్పొచ్చిన బేస్.
మధ్యలో రేవు నుంచి ఓడ కూత
అది కావాలని పెట్టింది కాదట,
రోసమెల్ వాళ్లింటి కిటికీ మూసుకోదట.
అన్నిటి మీదా వెన్సెస్లావో అకార్డియన్,
పెళ్లిలో తాగిన మేనమామలా
అందరి భుజాల మీదా చేతులేస్తూ.

రాక్ అరలో పెట్టాను.
తోలుకోటు కుర్రాడొకడు మర్నాడే తిరిగిచ్చాడు,
"ఇందులో అకార్డియన్ ఉంది" అని, బల్లి పడ్డట్టు.
క్వేకా అరలో పెట్టాను.
చేపలమ్మే రోసమెల్ తండ్రే వచ్చి తీసేశాడు:
"మావాడే వాయించాడు. అయినా ఇది క్వేకా కాదు."
చివరికి మోకాళ్ల మీద కూచున్నాను.

ఆరేళ్లు తిరిగారు
చేపల ఐసు కారే వ్యానులో.
ఓ గని ఊళ్లో కరెంటు పోతే
డ్రమ్ము, అకార్డియన్, గొంతు, అంతే మిగిలాయట;
ఆ రాత్రే బాగా వాయించామని
ఒక్కొక్కరూ విడివిడిగా వచ్చి నాతో చెప్పారు.

శాంతియాగో కంపెనీ ఆయన చెప్పాడు:
అకార్డియన్ తీసేస్తే మీకో అర దొరుకుతుంది.
వ్యాను వెనక నిలబడి ఓటేసుకున్నారు.
నాలుగు చేతులు లేచాయి.
నాలుగోది వెన్సెస్లావోది.

ఆ రెండోది ఎక్కడ పెట్టాలో నేను ఆలోచించలేదు.
రాక్. కంటి ఎత్తులో.
మూడొందలు అమ్మాను, పైకప్పు రేకులు మార్పించుకున్నాను,
అబద్ధమెందుకు.

తర్వాత? క్లచ్ ప్లేటు డబ్బుల దగ్గర గొడవ.
హిమేనా గొంతులో కాయ.
రోసమెల్ దక్షిణాన సాల్మన్ పడవలెక్కాడు.
విడిపోయామని ఎవరూ చెప్పలేదు,
పోస్టరు మీద ఇంకో పోస్టరు పడింది.

ఆ ఫిబ్రవరి తెల్లవారకముందు
భూమి మూడు నిమిషాలు ఊగింది.
టార్చి వేసి చూస్తే అరలన్నీ నేల మీదే.
టాంగో మీద రాక్, రాక్ కింద బొలేరో,
మా నాన్న అట్టముక్కలు ఎవరివో తెలీకుండా.
పాతికేళ్ల కొట్టు మొత్తం
ఒక్కసారికి వాళ్ల పాటలా పడుంది.
నవ్వొచ్చింది. తర్వాత చేతులు వణికాయి.
నాలుగు నెలలు కూచుని
మళ్లీ అరలు కట్టాను. కొట్టు నడవాలి కదా.

మొన్న వెన్సెస్లావో వచ్చాడు.
కొండ లిఫ్టు తాళ్లకి గ్రీజు పూసే పని ఇప్పుడు,
గోళ్లలో నలుపు.
"ఆ రెండోది ఉందా?"
ఉంది.
"నేను లేకుండా ఎలా ఉంటుందో
ఎప్పుడూ వినలేదు."

పెట్టాను.
బల్లకి ఆనుకుని నిలబడ్డాడు, కళ్లు వీధి మీద.
రెండో చరణం దగ్గర
కుడిచేతి వేళ్లు చెక్క మీద
కదలడం మొదలెట్టాయి.
ఎక్కడ ఎంత ఖాళీ వదిలారో
వేళ్లకి తెలిసినట్టే ఉంది.

డబ్బులు వద్దన్నాను.
చిల్లరతో సహా లెక్కపెట్టి ఇచ్చాడు.